దూడల జ్వరం చూడడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు సరిపోతుందా?

ప్రశ్న:
నేను పశువైద్య పరిశోధన విద్యార్థిని. టీకా వేసిన తరువాత దూడలకు జ్వరం వస్తున్నదీ లేనిదీ చూసే అధ్యయనం చేస్తున్నాను. రోజుకు మూడుసార్లు మలద్వారంలో థర్మామీటరు పెట్టడం వాటికీ మాకూ కష్టంగానే ఉంది. అందుచేత నుదుటిని తాకకుండా చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కూడా కొన్నాళ్లు జంట కొలతలు తీసుకున్నాను. రెండింటి మధ్య సహసంబంధం బాగానే వచ్చింది. ఇక మలద్వార కొలత మానేయవచ్చునా?

మొదటి జవాబు:
మానవద్దు. ఒక పరికరం ప్రతిసారీ 1 డిగ్రీ తక్కువ చూపినా సహసంబంధం ఏమాత్రం తగ్గదు. రెండు కొలతలూ కలిసి పెరిగి కలిసి తగ్గుతున్నాయని మాత్రమే అది చెబుతుంది. ఒకదాని స్థానంలో మరొకటి వాడవచ్చునా అన్నది తేల్చడానికి 1986లో గణాంక శాస్త్రవేత్తలు బ్లాండ్, ఆల్ట్‌మన్ లాన్సెట్ అనే వైద్య పత్రికలో సూచించిన పద్ధతి ఉంది: ప్రతి జంటలోని తేడాను ఆ జంట సగటుకు ఎదురుగా గీసి, తేడాల సగటుకు ఇరువైపులా 1.96 ప్రామాణిక విచలనాల (తేడాలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) దూరంలో హద్దులు గుర్తించాలి. మీ తేడాల సగటు సున్నాయే అయినా హద్దులు చెరో వైపు 0.8 డిగ్రీ ఉన్నాయనుకోండి. అప్పుడు మలద్వారంలో 39.2 ఉన్న దూడ మీ పరికరంలో 40గానూ కనిపించవచ్చు, 38.4గానూ కనిపించవచ్చు. ఒకే దూడ నుంచి పలుమార్లు తీసిన కొలతలను వేర్వేరు దూడలవిగా లెక్కించకండి. చాలామంది పొరబడేది ఇక్కడే.

రెండవ జవాబు:
ఇన్‌ఫ్రారెడ్ పరికరం చూసేది పైచర్మాన్ని, అంతకన్నా ముందు వెంట్రుకలను. ఎండ, గాలి, తడి, పరికరం పట్టుకున్న దూరం, అన్నీ అంకెను మార్చేస్తాయి. అలాగని మలద్వార కొలత నిర్దోషమని కాదు. థర్మామీటరు కొన పేగు గోడకు ఆనకుండా పేడలో దిగబడితే తక్కువ చూపుతుంది. లోపలి ఉష్ణోగ్రత వేగంగా మారుతున్నప్పుడు మలద్వారం కొంత వెనుకబడుతుంది. పట్టుకోవడానికి పెనుగులాడిన దూడకు ఆ శ్రమతోనే వేడి పెరుగుతుంది. సాయంత్రపు కొలతను ఉదయపు కొలతతో పోల్చకూడదు. నెమరు మొదలైన దూడలకు పొట్టలో నిలిచే సెన్సర్ మాత్రలు ఉన్నాయి కానీ, నీళ్లు తాగగానే వాటి అంకె కాసేపు పడిపోతుంది.

మూడవ జవాబు:
నేను మనుషుల వైద్యం వైపు నుంచి ఒక మాట చేరుస్తాను. 37 డిగ్రీలు సాధారణం అన్న అంకె 1868లో జర్మన్ వైద్యుడు వుండర్‌లిష్ ప్రకటించిన చంక కొలతల నుంచి వచ్చింది. 1992లో ఆరోగ్యవంతుల నోటి కొలతల సగటు 36.8గా తేలింది. చంక సాధారణంగా నోటికన్నా తక్కువే చూపుతుంది, అయినా చంక అంకే ఎక్కువగా ఉంది కనుక, ఇక్కడ పాత థర్మామీటర్లనూ అనుమానించవలసి వచ్చింది. మీ వ్యాసంలో ఏ పరికరం, ఎంత లోతు, ఎంతసేపు, ఏ వేళ అన్నవి తప్పక రాయండి. రెండు పరికరాలనూ నీటి తొట్టెలో తెలిసిన ఉష్ణోగ్రత వద్ద పరీక్షించమని చెప్పేవాణ్ణి, కానీ నీటి ఉపరితలం మీద ఇన్‌ఫ్రారెడ్ పరీక్ష అంత నమ్మదగినది కాదు. దానికి తెలిసిన ఉష్ణోగ్రత వద్ద ఉంచే నల్లటి ప్రమాణ ఫలకం కావాలి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. నా జంట కొలతలన్నీ ఉదయం పాకలోనే, ఆరోగ్యంగా ఉన్న దూడల మీదనే తీసుకున్నానని ఇప్పుడు గమనించాను. వాటిలో జ్వరం ఉన్న దూడ ఒక్కటీ లేదు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
అలాగైతే ఆ పరికరం జ్వరాన్ని పట్టగలదా అన్నది మీరింకా పరీక్షించనే లేదు. టీకా వేసిన తొలి రెండు రోజులూ రెండు కొలతలూ కలిపి తీయండి.