మా కుక్క కనిపిస్తోంది కానీ పిలిస్తే పారిపోతోంది, ఏం చేయాలి?

దీపావళి రాత్రి తొమ్మిదిన్నరకి పక్కింట్లో లక్ష్మీ బాంబు పేలగానే మా చింటూ గేటు సందులోంచి దూరి పారిపోయాడు. మాది తార్నాక, ఇవాళ్టికి ఆరో రోజు. నాలుగేళ్ల నాటు కుక్క, గోధుమ రంగు, తోక చివర తెలుపు. బెల్టు తెగి గేటుకే వేలాడుతోంది.

వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో పెట్టాను, టీ కొట్ల దగ్గర పోస్టర్లు అంటించాను. చివరికి పాలబ్బాయి చెప్పాడు, ఉస్మానియా క్యాంపస్ గోడ పక్కన తెల్లవారుజామున ఐదింటికి కనిపిస్తున్నాడని. వెళ్లి పిలిస్తే ఒక్క క్షణం చెవులు రిక్కించి, పొదల్లోకి పరుగు! నలుగురం చుట్టుముట్టబోతే ఇంకా బెదిరాడు (తప్పు మాదే). రెండు రోజులుగా అక్కడ నా పాత చొక్కా, పెరుగన్నం పెడుతున్నాను. గిన్నె ఖాళీ అవుతోంది, తిన్నది వాడో వేరే కుక్కలో తెలీదు.

ఇలా బెదిరిన కుక్కను మళ్లీ దగ్గరికి రప్పించుకున్నవాళ్లుంటే, ఎలా చేశారో చెప్తారా?