వానాకాలంలో కంపోస్ట్ బకెట్ వాసన: ఏం కలపాలి?

హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్ మాది. తడి చెత్తను బాల్కనీలోనే ఎరువు చేస్తున్నాం. 20 లీటర్ల పెయింట్ బకెట్, పక్కలా అడుగునా రంధ్రాలు. రోజూ కూరగాయల తొక్కలు, టీపొడి వేసి పైన గుప్పెడు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) చల్లుతాను. వండిన అన్నం, కూరలు అస్సలు వేయను.

ఎండాకాలమంతా బాగానే ఉంది. వానలు మొదలయ్యాక కుళ్లిన గుడ్డు వాసన వస్తోంది, పిడికిట్లో పట్టి పిండితే నీళ్లు కారుతున్నాయి. చెత్త త్వరగా ఎరువవ్వాలని పోస్తున్న పుల్ల మజ్జిగ ఆపేశాను, వేపపిండి చల్లాను, రెండు రోజులకోసారి అడుగు దాకా కలియబెడుతున్నాను. పురుగులు తగ్గాయి గానీ వాసన పోలేదు. పక్కింటివాళ్లకు ఇబ్బందేమోనని టెన్షన్. అయినా మళ్లీ చెత్తబండికి ఇచ్చేయడానికి మనసొప్పడం లేదు.

ఎండుటాకులు ఇప్పుడు దొరకవు. రంపపు పొట్టు, చింపిన అట్టపెట్టెలు దొరుకుతాయి. ఒక గిన్నె తడి చెత్తకు వీటిలో ఏది, ఎంత కలిపితే వాసన పోతుంది?