మూడు కార్డుల టారో స్ప్రెడ్: రెండోసారి వేస్తే వేరే కార్డులు వచ్చాయి, దేనిని తీసుకోవాలి?

ప్రశ్న

తొమ్మిదేళ్లుగా చేస్తున్న ఉద్యోగం మానేసి సొంతంగా పని మొదలుపెట్టాలా వద్దా అని తేల్చుకోలేక, రైడర్-వెయిట్ డెక్‌తో (జోస్యానికి వాడే బొమ్మల కార్డులైన టారోలో ఒక రకం కట్ట) గతం, వర్తమానం, భవిష్యత్తు అనే మూడు స్థానాల స్ప్రెడ్ వేసుకున్నాను, అంటే ఒక్కో స్థానంలో ఒక్కో కార్డు పరిచాను. వరుసగా ఫోర్ ఆఫ్ పెంటకిల్స్, తలకిందులుగా ఎయిట్ ఆఫ్ కప్స్, డెత్ (మృత్యువు) వచ్చాయి. చివరి కార్డు చూసి గుండె జారిపోయి, వెంటనే మళ్లీ కలిపి వేస్తే ఈసారి చివర సన్ (సూర్యుడు) వచ్చింది. వీటిలో దేనిని నమ్మాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

మొదటి సమాధానం

మొదటి స్ప్రెడ్‌నే చదవండి. నచ్చిన కార్డు వచ్చేదాకా వేస్తూ పోతే, ఏ కార్డు మీకు నచ్చుతుందో తెలుస్తుందే తప్ప మీ ప్రశ్న ఉన్నచోటే ఉండిపోతుంది.

డెత్ పేరు చూసి భయపడేవారు ఆ బొమ్మను పూర్తిగా చూడరు. కవచం తొడిగిన అస్థిపంజరం తెల్లగుర్రం మీద వస్తోంది, రాజు నేలకూలి ఉన్నాడు, మతగురువు చేతులు జోడించి నిలబడ్డాడు. కానీ వెనుక దూరంగా రెండు బురుజుల నడుమ సూర్యుడు కూడా ఉన్నాడు. ఒక దశ ముగిసి మరొకటి మొదలవుతుందని మాత్రమే చాలామంది దీనిని చదువుతారు.

అయితే ఈ స్ప్రెడ్‌లో అసలు విషయం మొదటి రెండు కార్డుల మధ్య ఉందని నాకు అనిపిస్తోంది. ఫోర్ ఆఫ్ పెంటకిల్స్‌లోని మనిషి ఒక నాణేన్ని గుండెకు హత్తుకుని, రెండింటిని కాళ్ల కింద తొక్కిపట్టి, ఇంకొకదానిని తలపై మోస్తూ కూర్చుని ఉంటాడు. ఒకటి జారిపోతుందన్న భయంతో అతడు లేవలేడు. ఎయిట్ ఆఫ్ కప్స్‌లోని మనిషి పేర్చిన కప్పులన్నీ వదిలి రాత్రివేళ కొండల వైపు నడిచిపోతుంటాడు. అది తలకిందులైతే, వెళ్లాలని ఉన్నా అడుగు పడని స్థితిగా నేను చదువుతాను. మూడూ కలిపి చూస్తే, మీరు వదలకపోయినా ఆ దశ తనంతట తాను ముగింపుకు వస్తోందన్న సూచన కనిపిస్తుంది.

రెండో సమాధానం

నాకు టారోపై నమ్మకం లేదు, కానీ లెక్క ఒకటి చెప్పాలి. 78 కార్డులలో వరుసక్రమంతో మూడింటిని 4,56,456 విధాలుగా తీయవచ్చు, తలకిందులను కూడా లెక్కిస్తే 36 లక్షలు దాటుతుంది. అందువల్ల రెండోసారి వేరే కార్డులు రావడాన్ని కొత్త సందేశంగా భావించనవసరం లేదు. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త తన విద్యార్థులందరికీ ఒకే వ్యక్తిత్వ వర్ణనను ఇచ్చి, అది తమకు ఎంత సరిపోయిందో 5కు మార్కులు వేయమంటే, సగటు 4కు పైగా వచ్చింది. ఏ కార్డు వచ్చినా మనకు సరిపోయినట్లే అనిపించడానికి ఇదొక కారణం. ఉద్యోగం మానడానికి ముందు చేతిలోని డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుందో కాగితంపై వేసుకోవడం మేలు.

ప్రశ్న అడిగినవారు

డబ్బు లెక్క ఇప్పటికే వేశాను, పది నెలలకు సరిపోతుంది. ఒక సందేహం మిగిలింది: నేను కార్డులను ఎప్పుడూ ఒకే దిశలో పెట్టి కలుపుతాను కాబట్టి, ఆ ఒక్క కార్డు తిరగబడటం బహుశా చేతి పొరపాటే.

మొదటి సమాధానం ఇచ్చినవారు

అలాగైతే దానిని నిటారుగా ఉన్నట్లే చదవండి, నా వ్యాఖ్యానంలో ఆ భాగాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. తలకిందులను లెక్కలోకి తీసుకోవాలో లేదో కార్డులు కలపకముందే నిశ్చయించుకోవాలి, వచ్చిన తరువాత కాదు. అలాగే "మానేయాలా వద్దా" అన్న ప్రశ్నకు టారో చక్కగా పలకదు. "నన్ను ఇక్కడ ఆపుతున్నది ఏమిటి" అని అడిగితే ఇవే కార్డులు ఎక్కువ చెబుతాయి. ఎయిట్ ఆఫ్ కప్స్‌ను మరోసారి తీసి చూడండి: పై వరుసలో మూడు కప్పుల మధ్య ఒక ఖాళీ వదిలి ఉంటుంది. ఈ తొమ్మిదేళ్లలో మీకు ఆ ఖాళీ ఏమిటి?

ప్రశ్న అడిగినవారు

ఇన్నిసార్లు చూసినా ఆ ఖాళీని గమనించలేదు. జీతం పెరిగినప్పుడల్లా పని నేర్చుకోవడం తగ్గుతూ వచ్చింది. అదే అయి ఉంటుంది.