ఒహగి, బొతమోచి: ఒకే పిండివంటకు నాలుగు పేర్లు. ఈ శ్లేష తెలుగులో పడుతుందా?

అందరికీ నమస్కారం. ఒక మాట గురించి మీ సాయం కావాలి. ముందు కథ చెప్పి తర్వాత ప్రశ్నకు వస్తాను.

క్యోటోలో మేముండే వీధి చివర ఒక పాత మిఠాయి కొట్టు ఉంది. జపాన్ సంప్రదాయ మిఠాయిలను వగషి అంటారు. కొట్టంటే పెద్దదేమీ కాదు. గుమ్మానికి గుడ్డ తెర, లోపల ఒక అద్దాల బల్ల, దాని వెనక వంటగది, అంతే. బల్లలో ఏ రోజు చూసినా ఏడెనిమిది రకాలకు మించి ఉండవు. ప్రతి రకం ముందూ చిన్న చీటీ, దాని మీద కుంచెతో రాసిన పేరు. నెల తిరిగేసరికి సగం చీటీలు మారిపోతాయి. మొదట్లో తీపి కోసం వెళ్ళేదాన్ని. ఇప్పుడు చీటీలు చదవడానికి కూడా వెళ్తున్నాను.

సెప్టెంబరు మొదట్లో చేమంతి ఆకారంలో ఒక మిఠాయి పెట్టారు. పువ్వు మీద తెల్లటి నురగలాంటి ముద్ద. పేరు ‘కిసెవత’, అంటే కప్పిన దూది. తొమ్మిదో నెల తొమ్మిదో రోజు చేమంతుల పండగ. ముందు రాత్రి పూల మీద దూది కప్పి, తెల్లారాక మంచుకు తడిసిన ఆ దూదితో ముఖం తుడుచుకుంటే ఆయుష్షు పెరుగుతుందని పాతకాలంలో నమ్మేవారు. ఆ మాట తెలియకపోతే అది తెల్లమచ్చ ఉన్న పువ్వు మాత్రమే. తెలిస్తే నోట్లో పెట్టుకునే ముందు ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది.

నా ప్రశ్న మాత్రం దాని గురించి కాదు. అదే నెల ఇరవయ్యో తేదీ దాటాక వచ్చిన ‘ఒహగి’ గురించి.

ఒహగి చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. అండాకారపు ముద్ద. జిగురు బియ్యం, మామూలు బియ్యం కలిపి వండి, మెతుకు సగం నలిగి సగం మిగిలేలా మెదిపి ఉండ చేస్తారు. దాని చుట్టూ అజుకి గింజల ముద్ద పట్టిస్తారు. అజుకి అంటే మన మినుములు, పెసల జాతికే చెందిన చిన్న ఎర్ర గింజలు. వాటిని ఉడికించి పంచదారతో దగ్గరికి చేస్తే వచ్చే ముద్దను ‘అన్’ అంటారు. మన పూర్ణమే అనుకోండి. మన పూర్ణం బూరెలో పూర్ణం లోపల, తోపు బయట. ఒహగిలో అన్నం లోపలికి పోయి పూర్ణం బయటికి వచ్చింది. కొట్లో ఉండే పెద్దావిడ దాన్ని కాగితమంత పల్చగా చెక్కిన చెక్క పొరలో చుట్టి ఇచ్చింది. ఇంటికొచ్చి విప్పితే ముందు తడిచెక్క వాసన. తర్వాత చూస్తే పూర్ణంలో నలగని గింజల పొట్టు అక్కడక్కడా తళతళలాడుతోంది. రేపటికి ఉంచితే బియ్యం బిగుసుకుపోతుంది, ఇవాళే తినెయ్యమని ఆవిడ రెండుసార్లు చెప్పింది.

ఆర్నెల్లు గడిచి మార్చిలో అదే కొట్టుకు వెళ్ళాను. అదే బల్ల, అదే చోటు, అలాంటి ముద్దే. చీటీ మీద మాత్రం ‘బొతమోచి’ అని ఉంది. ఇది ఒహగి కాదా అని అడిగితే, అదే, పువ్వు మారింది అంది పెద్దావిడ.

‘హగి’ శరత్కాలంలో పూసే పొద. సన్నటి కొమ్మలు వంగి, వాటి నిండా చిన్న చిన్న ఊదారంగు పూలు. ముందున్న ‘ఒ’ గౌరవం కోసం చేర్చినది. ఇది ఒకప్పటి అంతఃపుర స్త్రీల మాటల నుంచి వచ్చిన పేరని చెప్తారు. ‘బొతన్’ అనే పువ్వేమో వసంతం చివర్లో, అరచేతిని మించి విచ్చుకుంటుంది. గింజల పొట్టుతో గరుకుగా ఉండే పూర్ణం హగి పూల గుత్తిలా కనిపిస్తుందట. వసంతంలో పెద్దగా, గుండ్రంగా చేస్తే బొతన్. ఇంకో తేడా కూడా ఉంది, నాకు బాగా నచ్చింది అదే. శరత్తులో గింజలు కొత్తగా కోసినవి, పొట్టు మెత్తగా ఉంటుంది, అలాగే ఉంచేస్తారు. చలికాలమంతా నిలవున్న గింజకు పొట్టు గట్టిపడుతుంది కాబట్టి వసంతంలో వడగట్టి నున్నటి పూర్ణం చేస్తారు. పేరు మారడానికి పువ్వొక్కటే కారణం కాదు, గింజ వయసు కూడా. ఇప్పుడు సూపర్ మార్కెట్లలో ఏడాది పొడుగునా ఒహగి అనే లేబులే వేస్తున్నారు. చీటీ మార్చే కొట్లు మిగలాలని నాకు గట్టిగా ఉంది.

ఇక అసలు సంగతి. మిగతా రెండు కాలాలకు కూడా దీనికి పేర్లున్నాయి. వేసవిలో ‘యొఫునె’, అంటే రాత్రి పడవ. చలికాలంలో ‘కితమదొ’, అంటే ఉత్తరపు కిటికీ. పిండివంటకూ పడవకూ ఏం సంబంధం?

మామూలు మోచి, అంటే జిగురు బియ్యపు ముద్ద, చేయాలంటే ఆవిరి మీద ఉడికించిన బియ్యాన్ని రోట్లో పోసి దంచాలి. ఆ చప్పుడు వీధంతా వినిపిస్తుంది. ఒహగిని దంచరు, మెదుపుతారంతే. ఎప్పుడు చేశారో పక్కింటివాళ్ళకు తెలియదు. అందుకే దీనికి ‘పొరుగుకు తెలియనిది’ అనే పేరు కూడా ఉంది. జపాన్ భాషలో దంచడం ‘త్సుకి’. కాబట్టి ఇది ‘త్సుకి షిరజు’, దంపు ఎరగనిది. చేరుకోవడం కూడా ‘త్సుకి’యే. రాత్రి చీకట్లో పడవ ఎప్పుడు రేవుకు చేరిందో తెలియదు, అదీ ‘త్సుకి షిరజు’. చంద్రుడు కూడా ‘త్సుకి’. అక్కడ చంద్రుడు దక్షిణపు ఆకాశంలో నడుస్తాడు, ఉత్తరపు కిటికీకి చంద్రుడు తెలియడు. ఒకే ధ్వని, మూడు అర్థాలు. రాత మాత్రం మూడింటికీ వేరు.

అచ్చంగా మన శ్లేష. అయితే రెండు పేర్లలోనూ ఆ కీలకమైన మాటే కనిపించదు. పడవ అని ఊరుకుంటారు, త్సుకి మనం తవ్వుకోవాలి. పొడుపుకథను ఒక్క మాటలో దాచినట్టు.

నా ప్రశ్న: దంచడాన్ని చెప్తూనే మరో రెండు అర్థాలిచ్చే మాట తెలుగులో ఉందా? ఉంటే ఈ పిండివంటకు తెలుగులో వేసవి పేరు, చలికాలం పేరు పెట్టగలమా?

*

హన్మకొండ నుంచి ఒక సభ్యురాలు:

అక్కా, మీ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు కానీ ఒకటి చెప్పాలనిపించింది. మీరు చెప్పిన రోజులు మాకు పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య, రోజులు. ఆ రోజే బతుకమ్మ మొదలు. మీ దగ్గర తినేదానికి పువ్వు పేరు పెడుతున్నరు. మా దగ్గర పువ్వుల పండుగకు తినేవాటి పేర్లు పెడుతరు. అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం బతుకమ్మ, అట్ల బతుకమ్మ, వెన్నముద్దల బతుకమ్మ, ఆఖరుకు సద్దుల బతుకమ్మ. ఏడో రోజు వేపకాయల బతుకమ్మకు బియ్యప్పిండిని వేపకాయల లెక్క చేసి వేయిస్తరు. అది కూడా చెట్టును చూసి చేసిన వంటనే కదా.

నా జవాబు:

చెల్లీ, ఇది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎందుకంటే ఒహగి తినే వారం కూడా పెద్దల కోసమే. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు, మొత్తం ఏడు రోజులను ‘హిగన్’ అంటారు. సమాధుల దగ్గరికి వెళ్ళి శుభ్రం చేసి, పూలూ ఒహగీ పెడతారు. హిగన్ అంటే ఆవలి ఒడ్డు. బౌద్ధంతో వెళ్ళిన ఊహ అది, సంస్కృతంలోని ‘పారం’. 2025లో మనకు మహాలయ అమావాస్య సెప్టెంబరు 21న వచ్చింది, అక్కడ హిగన్ 20 నుంచి 26 దాకా. మన తిథి చంద్రుడిది, వాళ్ళ లెక్క సూర్యుడిది కాబట్టి ప్రతి ఏడూ ఇంత దగ్గరగా రావు. ఎండైనా చలైనా హిగన్ దాకానే అని వాళ్ళకో సామెత. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మా అమ్మమ్మ అనేది.

తెనాలి నుంచి ఒక సభ్యుడు:

మేడమ్, దాన్ని ‘బోటామోచి’ అని రాయాలేమో? నెట్లో అలాగే చూశాను.

నా జవాబు:

ఇంగ్లీషు రాత మీదుగా వస్తే ‘టా’ అవుతుందండీ. జపాన్ వాళ్ళు పలికేది మన ‘త’యే, నాలుక పళ్ళకు తగులుతుంది. మనకు ఆ అక్షరం ఉండగా చుట్టూ తిరిగి రావడం ఎందుకని అలా రాశాను. అన్నట్టు బొతమోచి మీద వాళ్ళకొక సామెత ఉంది, అటక మీది బొతమోచి అని. కష్టపడకుండా కలిసొచ్చిన అదృష్టం. అటక మీంచి జారి నోట్లో పడినట్టు. మనకు రొట్టె విరిగి నేతిలో పడుతుంది.

బెంగళూరు నుంచి ఒక సభ్యురాలు:

మన వైపు నుంచి జపాన్ చేరిన మిఠాయి ఏదైనా ఉందా అండీ?

నా జవాబు:

ఉందండీ, మాటతో సహా. క్యోటోలోనే 1617లో మొదలైన కమెయ కియొనగ అనే కొట్టు ‘కంకిదన్’ చేస్తుంది. చిన్న డబ్బు సంచిలా మూతి మడిచి, నువ్వుల నూనెలో వేయిస్తారు. లోపల సుగంధ ద్రవ్యాలు కలిపిన పూర్ణం. ‘కంకి’ అంటే ఆనందం, ‘దన్’ అంటే ఉండ. మోదం అన్నా ఆనందమే కదా, అది మన మోదకానికి చేసిన అనువాదం. చీనా మీదుగా బౌద్ధంతో వెళ్ళింది. నైవేద్యం పెట్టేది కూడా అక్కడి వినాయకుడికే, ఆయన పేరు కంగితెన్. చవితికి మా ఇంట్లో ఉండ్రాళ్ళు, కుడుములు చేసుకుని, పక్కన ఒక కంకిదన్ కూడా పెట్టాను. పైపెంకు ఎంత గట్టిగా ఉంటుందంటే, మా అబ్బాయి రాయితో కొట్టమంటావా అన్నాడు. మధ్యలో కొరికితే సాంబ్రాణి వేసిన పూజగదిలో తీపి తింటున్నట్టు ఉంది.

కాకినాడ నుంచి ఒక సభ్యుడు:

అసలు ప్రశ్న పక్కకు పోయిందండీ. ‘దంచు’ తీసుకుని చూశాను. వాన దంచింది అంటాం, ఉపన్యాసం దంచాడు అంటాం. దంచనిది అంటే ఎండాకాలపు ఆకాశం అవుతుందేమో.

నా జవాబు:

బాగుందండీ, వాన దంచడం నాకు తట్టలేదు. కానీ అందులో మాట ఒకటే. రోట్లో దంచడాన్నే వానకు అన్వయించాం. త్సుకిలో మూడూ వేరు వేరు మాటలు, చెవికి మాత్రమే ఒకటి. శ్లేషలో పట్టు అక్కడే ఉంటుంది.

తిరుపతి నుంచి ఒక పెద్దాయన:

అమ్మా, ‘పోటు’ చూడు. రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవనేల అంటాం కదా, అది దంపు. ఆటుపోట్లలో పోటు సముద్రం పొంగడం. ఇక మా ఊళ్ళో పోటు అంటే స్వామివారి వంటశాల. లడ్డూ తయారయ్యేది పోటులోనే. నీ పిండివంట రోకటిపోటు ఎరగదు. ‘పోటెరగనిది’ అను, సరిపోతుంది.

నా జవాబు:

బాబాయిగారూ, ఇది చదివి ఇంట్లో అందరికీ వినిపించాను. నాకు దొరకనిది మీరు ఒక్క మాటలో ఇచ్చారు.

ఇప్పుడు జపాన్ వాళ్ళు చేసినట్టే ‘పోటు’ను దాచేసి చూద్దాం. సముద్రానికి పోటుంది, కోనేటికి లేదు. పున్నమి వచ్చినా కోనేటి నీళ్ళు మెట్టు దాటవు. పోటెరగనిది కోనేరు. వేసవి పేరుకు ఇంతకంటే చల్లటి మాట ఇంకేం కావాలి? పైగా పోటు వెనక పున్నమి ఉంది కాబట్టి, వాళ్ళ చంద్రుడు కూడా మన మాటలోకి వచ్చేశాడు.

చలికాలానికి మీ ఊరి పోటు. గుడి పోటు ఎరగనిది ఇంటి పొయ్యి. ఒహగి కూడా ఇంట్లో అమ్మలు, అమ్మమ్మలు చేసే వంటే, కొట్ల కంటే ముందు నుంచీ. పేరు ‘ఇంటిపొయ్యి’ అని పెడితే చలిలో చేతులు కాచుకున్నట్టు కూడా ఉంటుంది.

ఒక్క సందేహం. తలపోటు, వెన్నుపోటు కూడా ‘పోటు’లే కదా, తినేదాని పేరులో అవి గుర్తొస్తాయా?

తిరుపతి పెద్దాయన:

పేరులో ‘పోటు’ లేనే లేదు కదమ్మా, దాచేశావు. ‘కోనేరు’ అంటే వెన్నుపోటు ఎవరికి గుర్తొస్తుంది? తవ్వుకునేవాడు మంచి పోటునే తవ్వుకుంటాడులే.

హన్మకొండ సభ్యురాలు:

అక్కా, వసంతానికీ శరత్తుకూ మన పూలు పెట్టుకోవాలె. శరత్తుకు తంగేడు. చిన్న చిన్న పూలు, గుత్తులు గుత్తులు, హగి లెక్కనే. ఆ రోజులల్లనే పూస్తది. వసంతానికి మీరు చెప్పండి.

నా జవాబు:

తంగేడు ఖాయం చెల్లీ. వసంతానికి అరచేయంత పువ్వు కావాలి, నాకు మోదుగ తడుతోంది కానీ అది చిన్నది. బూరుగుపువ్వు ఎలా ఉంటుంది? ఎర్రగా, దళసరిగా, అరచేతిలో బరువు తెలుస్తుంది. ఆకురాలిన కొమ్మల మీద పూస్తుంది, అందరూ చూసే ఉంటారు. ఎవరికైనా ఇంకో పువ్వు తడితే కింద రాయండి. వచ్చేవారం ఆ కొట్టుకు వెళ్తున్నాను. మన నాలుగు పేర్లూ తెలుగులో రాసి, పక్కన వాళ్ళ లిపిలో అర్థం రాసి పెద్దావిడకు ఇస్తాను. పోటు సంగతి ఆవిడకు ఎలా విప్పి చెప్పాలో ఇప్పటి నుంచే కూడబలుక్కుంటున్నాను.