"తిని" కాదు, "పులియబెట్టి": ఒక క్రియాపదం గురించి

సభ్యులకు నమస్కారం. "కాలేయ క్యాన్సర్ మూలకణాలు చక్కెరను తిని శక్తి పొందుతాయి" అన్న వాక్యానికి "దహించి" అనే సవరణను ఒకరు సూచించగా, "గ్లైకాలసిస్ జరిపి" (అంటే కణం గ్లూకోజును విడగొట్టే తొలి దశ) అని వదిలేయమని మరొకరు అన్నారు. అక్కడ ఉండవలసిన మాట "పులియబెట్టి" అని నా అభిప్రాయం. (ఇక్కడ మూలకణాలంటే కణితిని మళ్ళీ పెంచగల కొద్దిపాటి క్యాన్సర్ కణాలు.)

దహనమంటే ఆక్సిజన్‌తో పూర్తిగా కాల్చడం. ఆరోగ్యంగా ఉన్న కణం ఆ దారిలో ఒక గ్లూకోజు అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు (కణం శక్తి కోసం వాడుకునే అణువులు) రాబట్టుకోగలదు. క్యాన్సర్ కణాలు మాత్రం ఆక్సిజన్ అందుతున్నా చాలా గ్లూకోజును సగం దారిలోనే లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తాయని, అంటే పులియబెడతాయని, 1920లలో జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ గమనించాడు. అలా దక్కేవి 2 ఏటీపీలే అయినా పని చాలా వేగంగా సాగుతుంది, నడుమ పుట్టే పదార్థాలు కొత్త కణాలకు ముడిసరుకవుతాయి.

ఒడిశాలోని మా పర్లాకిమిడి ఇళ్ళలో తరవాణి (పులిసిన గంజి) కుండ ఎరిగినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు; ఒడియావారి తోరాణి కూడా అదే. నిన్నటి పులుపును అడుగున కొంత ఉంచి, దానిమీద ఈనాటి గంజి పోస్తే, తెల్లారేసరికి కుండంతా పులుస్తుంది. ఆ పులుపులో ముఖ్యమైనది లాక్టిక్ ఆమ్లమే. చికిత్సకు లొంగక మిగిలిన కొద్దిపాటి మూలకణాల నుంచి కణితి మళ్ళీ పెరగడాన్ని చెప్పడానికి ఆ అడుగు పులుపు కన్నా దగ్గరి పోలిక నాకు తోచలేదు. కుండలో ఆ పని సూక్ష్మజీవులది, ఇక్కడ కణంలోని ఎంజైములది. ఆ తేడాను ఒక్క ముక్కలో చెప్పి తీరాలి.

అయితే "పులియబెట్టి మాత్రమే" అనరాదు. గ్లైకాలసిస్‌ను అడ్డుకున్నప్పుడు ఈ మూలకణాల లక్షణాలు తగ్గినట్లు ప్రయోగశాలల్లో కనిపించింది గాని, పరిస్థితిని బట్టి ఇవి మైటోకాండ్రియా (కణంలో ఆక్సిజన్‌తో దహనం జరిపే భాగాలు) మీద కూడా ఆధారపడగలవు.

ఇక "చక్కెర" అన్న మాటను తప్పక మార్చాలని వేడుకుంటున్నాను. ఇటువంటి వాక్యమే ఉన్న కరపత్రం చదివి మా పిన్ని, బాబాయికి మొదట పంచదార, తరువాత బెల్లం, చివరకు అన్నం కూడా తగ్గించేసింది. అప్పటికే చిక్కిపోయిన మనిషి ముందు ఆవిడ పెట్టిన గిన్నెలో రెండు పిడికిళ్ళ అన్నం కూడా లేదు. తిండి ఆపినా కాలేయం తానే గ్లూకోజు తయారుచేసి రక్తంలోకి వదులుతుందన్న సంగతి ఆ కరపత్రంలో ఎక్కడా లేదు.

కనుక నా ప్రతిపాదన ఇది: "కాలేయ క్యాన్సర్ మూలకణాలు రక్తంలోని గ్లూకోజును ఎక్కువగా పులియబెట్టి శక్తి పొందుతాయి, ఆహారం మానేసినంత మాత్రాన వాటికి గ్లూకోజు అందకుండా పోదు."