జిమ్ అయ్యాక బీపీ దిగకపోతే తప్పు సూదిదేనా?

పర్లాకిమిడి కుర్రాడు: నిన్న మా జిమ్‌లో పెద్ద గొడవ. మా ఫ్రెండు కండ కోసం నాలుగు నెలలుగా టెస్టోస్టిరాన్ అనే స్టెరాయిడ్ సూదులు వేసుకుంటున్నాడు. వ్యాయామం అయిన గంటకి చూస్తే వాడి బీపీ 156/94. సూది జోలికి పోని నాకు 112/70. వ్యాయామానికి ముందు నాకు 122/78 ఉంది. స్టెరాయిడ్ వల్లేనని నేనంటే, "బరువులెత్తితే బీపీ పెరగదేంట్రా" అని ట్రైనర్ నవ్వేశాడు. మీరేమంటారు?

గుణుపురం బావ: ట్రైనర్ చెప్పిందే కరెక్టు తమ్ముడూ. 1985లో కెనడాలో మెక్‌డూగల్ బృందం బాడీబిల్డర్ల చేతి ధమనిలో గొట్టం పెట్టి కొలిస్తే, రెండు కాళ్లతో లెగ్ ప్రెస్ చేసేటప్పుడు సగటున 320/250 వచ్చింది. దాని ముందు 156 ఒక లెక్కా?

రాయగడ ల్యాబ్: బావగారూ, ఆ 320 బరువు మీద ఉన్నప్పటి మాట. ఊపిరి బిగబట్టి తోస్తాం, బిగిసిన కండ రక్తనాళాలను నొక్కేస్తుంది. బరువు దించగానే సెకన్లలో పడిపోతుంది. ఇక్కడ గొడవ గంట తర్వాతది. అప్పటికి నాళాలు ఇంకా వదులుగానే ఉంటాయి కాబట్టి బీపీ మామూలు కంటే కిందికి దిగి కొన్ని గంటలు అక్కడే ఉంటుంది. కుర్రాడికి 122 కాస్తా 112 అయింది అందుకే. స్టెరాయిడ్ వాడేవాళ్లలో ఈ దిగుడు సరిగా కనబడలేదని పరిశోధనల్లో వచ్చింది. ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి, ఎర్రకణాలు పెరిగి రక్తం చిక్కబడుతుంది, నాళాలు సాగే గుణం తగ్గుతుంది.

అలాగని సూదికి అప్పుడే శిక్ష వేసేయకండి. ఆ ఫ్రెండు చేతికి ఏ సైజు బీపీ పట్టీ కట్టారు? లావు కండకి మామూలు పట్టీ చుడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మా దగ్గర రోజూ చూసే తప్పే ఇది. జిమ్‌కి ముందు వాడికి ఎంతుందో కూడా మీరు రాయలేదు.

మహేంద్రతనయ: జిమ్‌కి ముందు నీళ్లలో కలుపుకునే పొడి సంగతి ఎవరూ అడగరేం? అందులో కెఫీన్ బాగా ఉంటుంది. అది తాగిన రోజు మా ఆయనకీ దిగేది కాదు. ఆయన సూదులేం వేసుకోరు.

గుణుపురం బావ: అదీ మాట! మా ఊళ్లో ఒకడు పదేళ్లుగా సూదులు వాడుతున్నాడు, రాయిలా ఉన్నాడు.

రాయగడ ల్యాబ్: రాయిలా ఉన్నది కండ బావగారూ. గుండె లోపల ఎవరు చూశారు? 2017లో అమెరికాలో బాగిష్ అనే గుండె డాక్టరు బృందం బరువులెత్తే మగవాళ్లు 140 మందిని పరీక్షించింది. గుండె ఎడమ గది తనలో నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకి బయటికి తోసేది స్టెరాయిడ్ వాడనివాళ్లలో సగటున 63 శాతం, వాడినవాళ్లలో 52.

పర్లాకిమిడి కుర్రాడు: అన్నా, మీరు చెప్పినట్టే చేశాం. ఈరోజు పొడి తాగనివ్వలేదు. పెద్ద పట్టీ తెప్పించి, జిమ్‌కి ముందు ఐదు నిమిషాలు కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే 148/92. వ్యాయామం అయిన గంటకి 150/92. పాయింటు కూడా దిగలేదు. ట్రైనర్ ఈసారి నవ్వలేదు, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

రాయగడ ల్యాబ్: ఒక్కరోజు లెక్కతో తేలదు. కానీ కూర్చున్నప్పుడే అంతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. సూది సంగతి దాచొద్దని చెప్పు. దాస్తే బీపీ మాత్ర రాసి పంపేస్తారు. సూదులు ఎలా మానాలో కూడా డాక్టరునే అడగమను, ఒంట్లో సొంతంగా తయారయ్యే టెస్టోస్టిరాన్ ఇప్పటికే తగ్గి ఉంటుంది.

పర్లాకిమిడి కుర్రాడు: చెప్పానన్నా. పోటీ అయ్యాక వెళ్తాడట. పోటీ దసరాకి.