సెప్టిక్ ట్యాంకు నిండిందా, సోక్ పిట్ ఇంకడం మానేసిందా? విశాఖ ఇళ్లలో కనిపించిన ముందస్తు గుర్తులు

వేపగుంట నివాసి

మాది 180 గజాల స్థలంలో 2011లో కట్టిన ఇల్లు. కింద మేము, పై వాటాలో అద్దెకున్నవారు, మొత్తం ఎనిమిది మందిమి ఉంటాము. ఆషాఢంలో ట్యాంకరును పిలిపించి సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించాను. దీపావళి వెళ్లిన వారానికే అది మళ్లీ నిండిపోయిందని ప్లంబరు అంటున్నాడు. ఈలోగా నేను గమనించిన విషయాలు రాస్తున్నాను. పై వాటాలో వాషింగ్ మెషీన్ నీరు వదిలినప్పుడల్లా కింద బాత్‌రూములోని నేలమీది నీరు పోయే నానీ ట్రాప్ గుడగుడలాడుతూ బుడగలు కక్కుతోంది. పొద్దున్న ఏడు, ఎనిమిది గంటల మధ్య కమోడులో నీరు అంచు దాకా లేచి, ఆ తర్వాత తీరిగ్గా దిగుతోంది. ట్యాంకు నుంచి వచ్చే నీరు నేలలోకి ఇంకే గుంట, అదే సోక్ పిట్, దాని పక్కనున్న కరివేపాకు చెట్టు ఈ ఏడాది ఎన్నడూ లేనంత ఏపుగా పెరిగింది. అదంతా తన చేతి చలవేనని మా అమ్మగారు వీధంతా పంచిపెడుతున్నారు. ఇలా నాలుగు నెలలకొకసారి ట్యాంకరును పిలవవలసిందేనా, లేక ట్యాంకే పాడైందా? అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

విశ్రాంత సైట్ ఇంజనీరు, ఎంవీపీ కాలనీ

మీరు రాసిన "మళ్లీ నిండిపోయింది" అన్న మాట దగ్గరే చాలామంది పొరబడతారు. సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండే ఉంటుంది, ఉండాలి కూడా. మీది మూడు వేల లీటర్ల ట్యాంకు అనుకుందాం. ఎనిమిది మంది వాడిన నీరంతా అందులోకే వెళ్తే, ఖాళీ చేయించిన మూడు నాలుగు రోజులకే నీరు బయటికి పోయే గొట్టం మట్టానికి చేరుతుంది. అక్కడి నుంచి ఎంత వస్తే అంత సోక్ పిట్‌లోకి పోతుంది. ట్యాంకు పని నీటిని దాచడం కాదు. బరువైన మలినం అడుగున మడ్డిగా దిగడానికి, నూనె, సబ్బు జిడ్డు పైన తెట్టుగా తేలడానికి, మధ్యనున్న నీరు కాస్త తేరుకుని బయటికి పోవడానికి వ్యవధి ఇవ్వడం.

అందుచేత మూత తీసినప్పుడు చూడవలసింది నీరు ఉందా లేదా అని కాదు, బయటికి పోయే గొట్టానికి నీటి మట్టం ఎక్కడ ఉందని. గొట్టం అడుగు అంచుకు సరిగ్గా ఉంటే ట్యాంకు మామూలుగానే ఉన్నట్టు. ఎన్నాళ్లయినా నీరు అంచు దాకా రాకుండా కిందే నిలిచిపోతే గోడకో అడుగుకో పగులు ఉన్నట్టు. ఇది మనకు ఇబ్బంది కలిగించదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు గానీ, మురుగు శుద్ధి కాకుండానే నేలలోకి పోతోందని అర్థం. నీరు గొట్టాన్ని ముంచి పైకి లేచి ఉంటే, ఆ తర్వాతి భాగం, అంటే గొట్టం గానీ సోక్ పిట్ గానీ నీటిని తీసుకోవడం లేదన్నమాట. మూడో సందర్భంలో ట్యాంకరును ఎన్నిసార్లు పిలిచినా మీకు దక్కేది నాలుగు రోజుల ఉపశమనమే.

మరొక సంగతి. ఒక్క బాత్‌రూములోనే నీరు నిలిస్తే ఆ గొట్టం వరకే అడ్డు ఉందనుకోవచ్చు. ఇంట్లో అన్నిటికన్నా దిగువన ఉన్న నానీ ట్రాప్, పై అంతస్తు నీరు వదిలినప్పుడు బుడగలు కక్కుతోందంటే, అడ్డు అన్ని గొట్టాలూ కలిసిన చోటు దాటాకనే ఉంది. మీరు చెప్పిన మూడు గుర్తులూ, కరివేపాకుతో సహా, సోక్ పిట్ వైపే చూపిస్తున్నాయి.

పెందుర్తి నుంచి

మా వీధిలో ఏడాదికొకసారి రెండు కిలోల బెల్లం, ఒక బకెట్టు ఆవుపేడ కలిపి కమోడులో పోస్తారు. మేస్త్రి చెప్పిన చిట్కా ఇది. దానితో ట్యాంకరు అవసరమే ఉండదట. ప్రయత్నించి చూడండి.

విశ్రాంత సైట్ ఇంజనీరు, ఎంవీపీ కాలనీ

మనుషులు వాడే ట్యాంకులోకి కావలసిన సూక్ష్మజీవులు రోజూ వాటంతటవే వెళ్తాయి. పేడతో మీరు చేర్చేది అదనపు మడ్డి మాత్రమే. వారంవారం ఆసిడ్ సీసాలు ఒంపడం మానితే ఉన్న జీవులు బతుకుతాయి, అది చాలు. ఎన్ని కలిపినా మడ్డి పూర్తిగా కరగదు. రెండు మూడేళ్లకొకసారి తీయించవలసిందే. తీసేటప్పుడు అడుగున పలుచగా కొంత మడ్డిని తోడుగా వదలమని సెప్టిక్ ట్యాంకుల భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 2470 చెబుతుంది. పాలకు తోడు పెట్టినట్టే ఇదీను.

కొమ్మాది గృహిణి

మా ఇంట్లో గుడగుడ చప్పుళ్లు, నీరు నిలవడం ఏవీ లేవు. గుర్తు బోరు నీటిలో కనిపించింది. వానలు తగ్గిన తర్వాత ఒక ఉదయం బిందెలో పట్టిన నీటికి కుళ్లిన గుడ్డు వాసన లీలగా వచ్చింది. కొత్త మోటారు వల్ల అనుకున్నాము. పిల్లలిద్దరికీ నెలలో రెండుసార్లు విరేచనాలు పట్టుకోవడంతో, నీటిలో మలసంబంధమైన బాక్టీరియా ఉందో లేదో చూపే పరీక్ష సీసా తెచ్చి గీత వరకు నీరు పట్టి గదిలో ఉంచాము. మర్నాటి సాయంత్రానికి ఆ నీరు సిరాలా నల్లబడింది. ఆ దృశ్యం చూసిన తర్వాత చాలా రోజులు నాకు అన్నం సహించలేదు.

తప్పు మా ట్యాంకుది కాదు, మా బోరుకు ఇరవై అయిదు అడుగుల దూరంలో ప్రహరీ అవతల ఉన్న పక్కింటివారి సోక్ పిట్‌ది. సోక్ పిట్‌కు, తాగునీటి బావికి మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని పైన చెప్పిన ప్రమాణమే అంటుంది. నలభై అయిదు అడుగుల పొడవున్న స్థలం మూలకు మూల కొలిచినా అంత దూరం రావడం కష్టం. పైగా మన కొండల కింద ఉన్నది కొండలైటు రాయి. పైన ఎర్రమట్టి నీటిని కొంత వడగట్టినా, ఆ మట్టి దాటి రాతి పగుళ్లలోకి చేరిన నీరు వడపోత లేకుండానే చాలా దూరం ప్రయాణిస్తుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ, మురుగు వెంట వచ్చిన నైట్రేటు పోదు, నీరు ఇగిరిన కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. చంటిపిల్లలున్న ఇళ్లవారు ఇది గుర్తుంచుకోవాలి.

గాజువాక పల్లపు వీధి

వానాకాలంలో సోక్ పిట్ మీద వెంటనే తీర్పు చెప్పకూడదని నా అనుభవం. మా వీధిలో అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం పట్టిందంటే భూగర్భజలం నేలకు రెండు మూడడుగుల లోతుకు వచ్చేస్తుంది. అప్పుడు సోక్ పిట్‌లోని నీరు ఇంకకపోగా ఎదురు తిరిగి ట్యాంకులోకి వస్తుంది. అటువంటి రోజుల్లో ట్యాంకరును పిలిస్తే ఖాళీ అయిన ట్యాంకులోకి బయటి నీరే చేరుతుంది, డబ్బు దండగ. మా ఎదురింటివారు ప్లాస్టిక్ ట్యాంకును సరిగ్గా అలాంటి వానలోనే తోడించగా, అది తెప్పలా పైకి లేచి గొట్టాలన్నిటినీ విరుచుకుంది. చినుకు లేని రెండు వారాల తర్వాత కూడా నీరు దిగకపోతే అప్పుడు సోక్ పిట్‌ను అనుమానించండి.

గోపాలపట్నం నుంచి

చిన్న విషయమే గానీ చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా ట్యాంకు గాలి గొట్టం సగానికి విరిగింది. ఇంటి పైకప్పు గొడవలో దాన్ని చూసినవారు లేరు. ఆ తర్వాత ఇంట్లో సాయంత్రమయ్యేసరికి గుంపులు గుంపులుగా దోమలు, వంటింటి కిటికీ దగ్గర దుర్వాసన. ట్యాంకు చెడిపోయిందని కంగారుపడ్డాము. గొట్టాన్ని పైకప్పు దాటేలా మళ్లీ నిలబెట్టి కొసకు దోమతెర కట్టించడంతో రెండూ పోయాయి.

వేపగుంట నివాసి

అందరికీ ధన్యవాదాలు. ఆదివారం నేనే మూత తీసి, టార్చి లైటుతో లోపలికి వంగి గొట్టం మట్టం చూస్తాను.

ఆరిలోవ మాస్టారు

దయచేసి వంగకండి. లోపల పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడు మొదట వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు దాన్ని పసిగట్టడం మానేస్తుంది. వాసన తగ్గింది కదా అనుకునే క్షణమే అన్నిటికన్నా ప్రమాదకరం. మీథేను కూడా ఉంటుంది కాబట్టి అగ్గిపుల్ల, బీడీ దరిదాపుల్లో ఉండకూడదు. మూతను ఇద్దరు కలిసి పక్కకు జరిపి, అరగంట దూరంగా నిలబడి, పొడవైన వెదురు కర్రకు పాత తెల్ల తువ్వాలు చుట్టి నిలువుగా దించి తీస్తే, మడ్డి ఎంత లోతున ఉందో, నీరు ఎంత ఎత్తున ఉందో మరకే చెబుతుంది. మడ్డీ తెట్టూ కలిసి లోతులో మూడో వంతు దాటితే తీయించే వేళ అయినట్టే.

ట్యాంకరుతో వచ్చిన కుర్రవాడు మా ఇంట్లో, "అదనంగా ఇస్తే దిగి గీకేస్తాను బాబూ" అన్నాడు. వద్దని గట్టిగా చెప్పాను. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని దించడం, మనుషులతో మలినం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మనం అడగలేదు, అతనే దిగాడన్న సాకు చెల్లదు. యంత్రంతో శుభ్రం చేయించుకోవడానికి 14420 నంబరు ఉంది.

వేపగుంట నివాసి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మార్గశిరంలో పదిహేను రోజులు చుక్క వాన లేకుండా ఆగి చూశాము. కమోడు తీరు మారలేదు. మాస్టారు చెప్పిన పద్ధతిలో కర్ర దించితే మడ్డి అరచేతి మందం కూడా లేదు, నీరు మాత్రం బయటి గొట్టానికి జానెడు పైన ఉంది. సోక్ పిట్ మూత తీయించగా సిమెంటు ఒరల కన్నాలన్నీ తారు పూసినట్టు నల్లటి జిడ్డుతో మూసుకుపోయి ఉన్నాయి. ట్యాంకు లోపల బయటి గొట్టానికి తెట్టును ఆపేందుకు ఉండవలసిన టీ (T) ఆకారపు ముక్క ఎప్పుడో ఊడి అడుగున పడిపోయిందట; ఇన్నాళ్లుగా తెట్టు నేరుగా సోక్ పిట్‌లోకి పోయింది.

అసలు సంగతి ఆ తర్వాత తెలిసింది. 2018లో పై అంతస్తు వేసినప్పుడు, వీధి కాలువ మట్టం ఎత్తుగా ఉందని మేస్త్రి స్నానాల నీటిని, వాషింగ్ మెషీన్ నీటిని కూడా ట్యాంకులోకే కలిపేశాడు. అప్పుడు పక్కన నిలబడి సరేనన్నది నేనే. నలుగురి మరుగుదొడ్డి నీటికి తవ్విన సోక్ పిట్ మీద ఎనిమిది మంది సబ్బు నీరు పడింది. ఇప్పుడు ఆ నీటిని విడదీసి, చిన్న చాంబరు కట్టి, వాలు సరిచేసి కాలువకు కలిపించాను. టీ ముక్క కొత్తది వేయించాను. పాత సోక్ పిట్‌ను వదిలేసి, కుదిరినంత దూరంలో కొత్తది తవ్విస్తున్నాము. అమ్మగారికి కరివేపాకు రహస్యం చెప్పక తప్పలేదు. వీధిలో ఎవరికీ చెప్పవద్దని ఆవిడ షరతు.

కొమ్మాది గృహిణి

కొత్త సోక్ పిట్ నుంచి పక్కింటివారి బోరుకు ఎంత దూరం ఉంది, బాబూ?

వేపగుంట నివాసి

ప్రహరీ అవతల కూడా కలుపుకుని టేపుతో కొలిచాను, పదహారు మీటర్లు. పాతదానికి తొమ్మిదే ఉండేది. వారి బోరు నీటిని మీరు చెప్పిన సీసాలో పట్టి నిన్న సాయంత్రం వారి అలమరలోనే పెట్టాము. పొద్దున్న చూసేసరికి రంగు మారలేదు. రేపు సాయంత్రం వరకు చూసి ఇక్కడ రాస్తాను.